ముందు చెడే తోస్తుంది, ఈ అలవాటు నుంచి నిజంగా బయటపడ్డవాళ్ళున్నారా?

పెరుగన్నం
ఇల్లు మియాపూర్‌లో, మా ఆయన ఆఫీసు గచ్చిబౌలిలో. బండి మీద వెళ్ళొస్తాడు. ఏడున్నరకి రావాల్సిన మనిషి ఎనిమిదింపావైనా రాకపోతే, పైగా ఫోన్ ఎత్తకపోతే, ఇక నా బుర్ర ఆగదు. ముందు యాక్సిడెంట్, తర్వాత అంబులెన్సు, ఆ తర్వాత ఎవరెవరికి ఫోన్ చేయాలి, పాపని ఎవరింట్లో వదలాలి, ఇన్సూరెన్సు కాగితాలు ఏ అరలో ఉన్నాయి... అన్నీ అయిపోతాయి. ఈలోగా ఆయన వచ్చి చెప్పులు విప్పుతూ "కూరేంటి" అంటాడు. సంతోషం రావాలి కదా, కోపం వస్తుంది.

ఇదొక్కటే అయితే సర్దుకుపోదును. మేనేజరు "రేపు పొద్దున ఒకసారి కలువు" అని మెసేజ్ పెడితే రాత్రంతా నిద్ర ఉండదు. పాపకి ఒళ్ళు కాస్త వెచ్చబడితే డెంగీ. ఎవరైనా నాతో బాగా మాట్లాడితే ఏదో పని పడుంటుంది. చిన్నప్పటి నుంచీ ఇంతే.

అందరిదీ ఒకటే మాట, పాజిటివ్‌గా ఆలోచించు అని. ఎలాగో ఒక్కరూ చెప్పరు. మా అమ్మయితే "దీపాలు పెట్టే వేళ అలాంటి మాటలు అనకే, తథాస్తు దేవతలు తిరుగుతుంటారు" అంటుంది. దాంతో ఆ ఆలోచన వచ్చినందుకు మళ్ళీ ఇంకో భయం. సూక్తులు వద్దు. ఎవరైనా తగ్గించుకుని ఉంటే ఏం చేశారో చెప్పండి.

ఉలవచారు
శుభం పలకరా మంకెన్నా అంటే... మిగతాది అందరికీ తెలుసు. ఆ మంకెన్న మా ఇంట్లోనే ఉన్నాడు, మా నాన్న. నా పెళ్ళిచూపులకి కారెక్కుతుంటే "రేపు విడాకులంటే ఈ రోజుల్లో భరణం ఎంత వేస్తున్నారో కనుక్కున్నావా" అని అడిగాడు. అమ్మాయిని ఇంకా చూడనేలేదు.

నైట్‌షిఫ్ట్_నాని
నేను బయటపడ్డాను. పొద్దున్నే అద్దం ముందు నిలబడి "నేను ధైర్యవంతుణ్ణి, అంతా మంచే జరుగుతుంది" అని గట్టిగా అనుకోవడం, రాత్రి పడుకునే ముందు ఆ రోజు జరిగిన మంచి విషయాలు మూడు రాసుకోవడం. నమ్మకంతో చేయాలి, మొక్కుబడిగా చేస్తే పనిచేయదు.

బెజవాడ_ఎండ
నాని, ఆ అద్దం సంగతి నేనూ చేశాను. "నేను చాలా గొప్పదాన్ని" అనగానే లోపల్నుంచి ఇంకో గొంతు "ఏం గొప్ప? పోయిన అప్రైజల్‌లో ఏమొచ్చిందో గుర్తులేదా" అని లెక్కలు తీసేది. అద్దం ముందుకు వెళ్ళకముందే నయం. అదేమంటే నమ్మకంతో చేయలేదంటారు. పనిచేస్తే పద్ధతి గొప్పదనం, పనిచేయకపోతే మన తప్పా?

నైట్‌షిఫ్ట్_నాని
నాకు పనిచేసింది చెప్పాను, అందరికీ చేస్తుందని అనలేదే.

బెజవాడ_ఎండ
"నమ్మకంతో చేయాలి" అన్నావుగా, నాకు కాలింది అక్కడ.

తోటకూర_కాడ
పెరుగన్నం గారూ, మీ అమ్మగారు చెప్పినదే మా అత్తగారూ చెప్తారు. నేను సంధ్యవేళ చెడు ఊహ వస్తే వెంటనే "శ్రీరామ శ్రీరామ" అనుకుని తోసేస్తాను. కానీ తోసేసిన కొద్దీ ఎక్కువ వస్తోంది. మా బాబు హాస్టల్‌లో ఉంటాడు. అసలు మంచి తల్లికి ఇలాంటి ఊహలు వస్తాయా అని ఏడుపొస్తుంది.

ఉలవచారు
తోటకూర అక్కా, నేను ఎన్నో సాయంత్రాలు సరిగ్గా దీపాల వేళకే జూబ్లీహిల్స్‌లో ఇల్లు కొన్నట్టు గట్టిగా అనుకున్నాను. ఒక్క దేవతా తథాస్తు అనలేదు. ఇంకా మోతీనగర్‌లో అద్దెకే ఉన్నాను. మంచికి పలకని వాళ్ళు చెడుకి మాత్రం చెవులు రిక్కించుకుని కూర్చుంటారా?

తోటకూర_కాడ
నవ్వొచ్చింది గానీ దేవతల మీద జోకులు వద్దు బాబూ.

కారప్పొడి
నేను సైకాలజిస్టుని, గుంటూరులో ప్రాక్టీసు. పేరు చూసి నవ్వకండి, ఊరిని బట్టి పెట్టుకున్నది.

ముందు తోటకూర గారికి. మందు తాగేటప్పుడు కోతిని తలుచుకోకు అంటే కోతే గుర్తొస్తుందని మన పెద్దవాళ్ళు ఎప్పుడో కనిపెట్టారు. డేనియల్ వెగ్నర్ అనే ఆయన 1987లో దీన్నే ప్రయోగం చేసి చూశాడు, కోతి బదులు తెల్ల ఎలుగుబంటి. ఐదు నిమిషాలు దాని గురించి అనుకోవద్దు, అనుకుంటే గంట కొట్టమన్నాడు. గంట మోగుతూనే ఉంది. తర్వాత ఇక అనుకోవచ్చు అన్నాక, మొదటి నుంచీ అనుకోనిచ్చిన వాళ్ళకంటే వీళ్ళకే ఎక్కువసార్లు వచ్చింది. కాబట్టి మీరు తోసేయడం వల్లే ఆ ఊహ మళ్ళీ మళ్ళీ వస్తోంది, మీరు చెడ్డ తల్లి కావడం వల్ల కాదు. ఇలాంటి ఊహలు దాదాపు అందరికీ వస్తాయి. మిగతావాళ్ళు పట్టించుకోరు, మీరు ప్రేమ కొద్దీ పట్టించుకుంటున్నారు, అంతే.

నాని, బెజవాడ ఇద్దరి మాటా నిజమే. 2009లో జోఆన్ వుడ్ అనే పరిశోధకురాలు "నేను ప్రేమించదగ్గ మనిషిని" లాంటి మాటలు కొందరితో పదేపదే అనిపించి చూసింది. తమ మీద తమకు మంచి అభిప్రాయం ఉన్నవాళ్ళకి కాస్త హాయిగా అనిపించింది. అది లేనివాళ్ళలో మాత్రం, ఆ మాట అననివాళ్ళకంటే అన్నవాళ్ళకే దిగులు ఎక్కువైంది. అంటే అవసరం ఎవరికి ఎక్కువో వాళ్ళకే ఎదురు తిరిగింది.

పెరుగన్నం గారూ, ఒక ప్రశ్న. ఆ నలభై ఐదు నిమిషాలూ మీరు ఏం చేస్తుంటారు? ఆలోచన సంగతి కాదు, చేతులు ఏం చేస్తుంటాయి?

పెరుగన్నం
భలే అడిగారు. చేతిలో ఫోనే. లైవ్ లొకేషన్ పెట్టించాను ఆయనతో. ఆ నీలం చుక్క కదులుతున్నంతసేపూ ప్రాణం కుదురుగా ఉంటుంది. మొన్న హఫీజ్‌పేట దగ్గర ఆగిపోయింది. వేళ్ళతో పెద్దది చేసి చూశాను, మెయిన్ రోడ్డు మీద కాదు, పక్కకి ఉంది. పక్కకి ఎందుకుంది, పడిపోతేనే కదా పక్కకి లాగుతారు అనుకున్నాను. తొమ్మిదిసార్లు ఫోన్ చేశాను. తీరా చూస్తే మిర్చి బజ్జీల బండి. గ్యాస్ ట్రబుల్ ఉందని నేను మాన్పించానని నాకు తెలియకుండా తింటున్నాడు, చేతులకి నూనె, అందుకే ఎత్తలేదు.

ఉలవచారు
ఈ టాపిక్‌లో నిజమైన బాధితుడు ఆయనే. బజ్జీ కూడా ప్రశాంతంగా తిననివ్వరా.

కారప్పొడి
దొరికింది. చుక్క చూసిన ప్రతిసారీ రెండు నిమిషాల ఊరట. తర్వాత మళ్ళీ చూడాలనిపిస్తుంది, ఈసారి ఇంకాస్త గట్టిగా. బుర్ర ఏం నేర్చుకుంటుందంటే "నేను కాపలా కాశాను కాబట్టి ఆయన క్షేమంగా వచ్చాడు" అని. చూడకపోయినా వస్తాడని తెలుసుకునే అవకాశమే దానికి దొరకడం లేదు.

ఆలోచనని ఎదుర్కొనే పద్ధతి పాతదే. ఆరన్ బెక్ అని పెన్సిల్వేనియా యూనివర్సిటీ డాక్టరు, 2021లో నూరేళ్ళు నిండాక పోయాడు. ఆయన చదువుకున్నది ఫ్రాయిడ్ దారిలో, మంచం మీద పడుకోబెట్టి బాల్యం గురించి మాట్లాడించే దారి. 1960ల్లో ఆయన గమనించిందేమంటే, దిగులుతో వచ్చిన వాళ్ళకి మాట్లాడుతున్న విషయానికి పక్కనే ఇంకో ఆలోచన రెప్పపాటులో వచ్చిపోతోంది. "ఈయనకి నేనంటే విసుగు" లాంటిది. అది ఎంత తొందరగా వస్తుందంటే దాన్ని ఎవరూ ప్రశ్నించరు, నిజమనుకుని బాధ మాత్రం పడతారు. సీబీటీ అని, ఆలోచనల్నీ అలవాట్లనీ సరిచూసి మార్చే చికిత్స, మేం ఇప్పుడు చేసేది చాలావరకు అక్కడ మొదలైందే. ఆ ఆలోచనని పట్టుకుని కాగితం మీద పెట్టి, ఆధారం ఏంటి, ఇంకో కారణం ఉండొచ్చా అని అడగడం. పాజిటివ్‌గా మార్చడం కాదు, సరిచూసుకోవడం.

మీరు చేయాల్సింది: ఆలస్యమైనప్పుడు ఒక పుస్తకంలో టైము, మీ ఊహ, దాని మీద నూటికి ఎంత నమ్మకమో రాయండి. ఆయన వచ్చాక అసలు కారణం పక్కన రాయండి. లొకేషన్ ఒకేసారి తీసేయక్కర్లేదు, ముందు ఒక్కసారి చూడటానికి పరిమితం చేయండి.

డిపో_పెద్దాయన
ఇంతసేపూ చదివాను. నాకు ఒప్పుదల లేదు. కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. ఆర్టీసీలో గ్యారేజీ వైపు పనిచేసి రిటైరైనవాణ్ణి. బ్రేకు పట్టదేమో, టైరు పేలుతుందేమో అని అనుమానపడేవాడే మా దగ్గర మంచి మెకానిక్కు. "ఏం కాదులే" అనేవాణ్ణి ఘాట్ రోడ్డు బస్సు దగ్గరికి కూడా రానిచ్చేవాళ్ళం కాదు. ఇప్పుడు పిల్లలకి భయపడొద్దు భయపడొద్దు అని చెప్పి హెల్మెట్ లేకుండా తిప్పుతున్నారు.

బెజవాడ_ఎండ
పెద్దాయనా, మీ అనుమానం డ్యూటీ దిగాక ఇంటికి వచ్చేదా?

డిపో_పెద్దాయన
రాదమ్మా. డ్రైవరు బండి దించేటప్పుడు ఏం తేడా ఉందో రాసే పుస్తకం ఒకటుంటుంది. "ఎడమ వైపుకి లాగుతోంది", "రెండో గేరు పడటం లేదు" అని వాళ్ళ భాషలో రాసేవారు. పొద్దున బండి తీసే లోపు ఆ రాసిందానికి ఎదురుగా ఎవరో ఒకరు చూసి సంతకం పెట్టాలి. సంతకం పడిందంటే నా తల మీద బరువు దిగినట్టే. ఇంటికెళ్ళి పప్పుచారు తిని పడుకునేవాణ్ణి. ఒక్కోసారి డ్రైవరు "ఏదో తేడాగా ఉంది" అని రాసేవాడు. అది మాత్రం నేను ఒప్పుకునేవాణ్ణి కాదు. ఏం తేడా, ఎక్కడ, ఎంత స్పీడులో? చెప్పలేకపోతే రాయొద్దు. ఏదో తేడా అంటే మెకానిక్కు దేన్ని విప్పాలి?

కారప్పొడి
పెద్దాయన గారూ, నాకు ఒప్పుదల లేదంటూనే నా పని మీరే చేసేశారు. ఈ పుస్తకం కథ నా దగ్గరకొచ్చే వాళ్ళకి చెప్పుకుంటాను, అనుమతి ఇవ్వండి.

డిపో_పెద్దాయన
చెప్పుకోండి. ఫీజులో వాటా అడగను.

పెరుగన్నం
"ఏదో తేడా అంటే దేన్ని విప్పాలి" అన్న ముక్క నాకు తగిలింది. నావన్నీ ఆ రకమే. మేనేజరు రమ్మన్నది ఎందుకో తెలియదు, ఏదో తేడా. కానీ పాపకి జ్వరం అలా కాదు కదా, అందులో చేయాల్సింది ఉంటుంది. థర్మామీటరు పెట్టాలి, నీళ్ళు తాగించాలి, తగ్గకపోతే డాక్టరు. అక్కడ నేను నిజానికి కంగారు పడను కూడా, పని చేస్తాను. పని లేనిచోటే ఊహ పెరుగుతోంది.

డల్లాస్_పులిహోర
నా గోల వేరే. అమ్మానాన్న తెనాలిలో. ఇక్కడ రాత్రి రెండంటే అక్కడ మధ్యాహ్నం పన్నెండున్నర, వాళ్ళకి భోజనాల ముందు తీరిక వేళ. ఆ టైములో ఫోన్ మోగిందంటే నేను మంచం మీద లేచి కూర్చుని ఎత్తే లోపలే టికెట్లు వెతికేస్తాను. అటు నుంచి "గోంగూర పచ్చడి ఎవరితోనైనా పంపమంటావా" అని. టైము చూసుకుని చేయమని ఎన్నిసార్లు చెప్పినా వాళ్ళకి తోచినప్పుడు చేస్తారు, పాపం.

చివరికి తమ్ముడితో కలిసి ఒక పద్ధతి పెట్టుకున్నాం. నిజంగా అర్జెంటయితే వెంటవెంటనే రెండుసార్లు రింగ్ ఇవ్వాలి. ఒక్కసారి మోగి ఆగితే పచ్చడి, తెల్లారాక మాట్లాడొచ్చు. ఇది పెట్టుకున్నాక గుండె దడ చాలా తగ్గింది. కారప్పొడి గారూ, ఇదీ ఆ లొకేషన్ చూడటం లాంటిదేనా, మానేయాలా?

కారప్పొడి
కాదండీ. ఒకసారి కూర్చుని నియమం పెట్టుకున్నారు, దాన్ని నమ్మి వదిలేస్తున్నారు. రోజూ నాలుగుసార్లు ఫోన్ చేసి "బాగానే ఉన్నారా, నిజంగా బాగానే ఉన్నారా" అని అడిగితే అది వేరే సంగతి.

ఇంకోటి, రాత్రి వచ్చే ఆలోచనలకి. 1983లో టామ్ బోర్కోవెక్ బృందం ప్రయత్నించిన పద్ధతి. రోజూ ఒకే టైము, ఒకే చోటు, అరగంట, దిగులు పడటానికే. మిగతా టైములో దిగులు వస్తే "సాయంత్రం చూద్దాం" అని వాయిదా వేసి చేతిలో పనికి తిరిగి రావడం. మానేయమనడం లేదు, తోసేయమనడం లేదు, టైము మార్చమంటున్నాం. పడుకునే ముందు, మంచం మీద మాత్రం పెట్టుకోకండి.

ఉలవచారు
మా నాన్నకి ఈ అరగంట చాలదు. ఆయనకి ఫుల్ టైం జాబ్ అది.

బిట్‌పేపర్
మీ అందరివీ జరగని భయాలు. నావి జరిగాయి. ఉద్యోగం పరీక్ష రాశాను, రద్దయింది. మళ్ళీ రాశాను, అదీ రద్దే. రెండుసార్లూ ముందే అన్నాను, ఇది ముందుకు సాగదు అని. నెగెటివ్‌గా మాట్లాడకు అన్నారు అందరూ. ఇప్పుడు నాకు ఇరవై తొమ్మిది. నాతో డిగ్రీ చదివిన వాళ్ళకి పిల్లలు స్కూలుకెళ్తున్నారు. మా కోచింగ్ సెంటర్‌లో పాజిటివ్ థింకింగ్ మీద ప్రత్యేకంగా క్లాసు పెట్టి దానికి వేరే ఫీజు కట్టించుకున్నారు. వాళ్ళకి మాత్రం అంతా పాజిటివ్‌గానే జరిగింది.

కాగితం మీద రాసుకుని సరిచూసుకోమంటున్నారు కదా, సరిచూస్తే నేను అనుకున్నదే నిజమని తేలుతుంది. అప్పుడేం చేయాలి?

బెజవాడ_ఎండ
నేను అనాలనుకున్నది ఇదే. అందరి కష్టాన్నీ ఆలోచనా విధానం ఖాతాలో వేయడం ఈ మధ్య ఒక వ్యాపారమైపోయింది. పరీక్ష జరపాల్సిన వాళ్ళు జరపకపోతే కుర్రాడి బుర్ర బాగుచేసుకోమంటారేంటి?

నైట్‌షిఫ్ట్_నాని
నిజమే. దీనికి అద్దం పనికిరాదు, ఒప్పుకుంటాను.

కారప్పొడి
బిట్‌పేపర్, మీ అనుమానం సరైనదే, దాన్ని నేను కాదనను. నెగెటివ్ అన్నవాళ్ళే తప్పు. "పరీక్ష మళ్ళీ రద్దు కావచ్చు" అనేది అనుభవం. "ఇంకో ఏడాది చదవాలా, పక్కన ఏదైనా ఉద్యోగం చూసుకోవాలా" అనేది పని, కూర్చుని లెక్క వేయాల్సింది. ఈ రెంటి వెనకాల మూడోది ఏమైనా ఉందా, మీ గురించి మీరు అనుకునేది? నిద్ర, తిండి ఎలా ఉన్నాయి? ఇక్కడ చెప్పడం ఇష్టం లేకపోతే నాకు విడిగా రాయండి.

బిట్‌పేపర్
ఇక్కడే చెప్తా, నన్నెవరు గుర్తుపడతారు. నిద్ర తెల్లవారుజామున మూడింటికి. తిండి ఒకపూట. ఇంటి నుంచి ఫోన్ వస్తే ఎత్తబుద్ధి కాదు. నెల పైనే అయింది ఇలా. నా మీద పెట్టిన డబ్బు బర్రెల మీద పెట్టినా పాలొచ్చేవి. నేను లేకపోతే వాళ్ళకి ఖర్చు తగ్గు కదా అనిపిస్తుంటుంది. ఏం చేసుకోను లెండి, కంగారు పడకండి.

కారప్పొడి
కంగారు పడను, కానీ తేలిగ్గా తీసుకోను. రెండు వారాలు దాటి నిద్ర, ఆకలి పోయి, లేకపోతే బాగుండును అనిపిస్తుంటే అది ఆలోచనా అలవాటు కాదు, కాగితం మీద రాసుకుని తగ్గేది కాదు. చాలామందికి డిప్రెషన్ ఇలాగే ఉంటుంది, దానికి వైద్యం ఉంది. ఈ రాత్రి ఒంటరిగా ఉండకండి. రూమ్‌లో ఎవరున్నారు? వాళ్ళలో ఒకరికి ఇప్పుడు ఇక్కడ రాసిన వాక్యమే చెప్పండి. 14416కి ఫోన్ చేయండి, టెలీ మానస్, కేంద్ర ప్రభుత్వానిది, 2022 అక్టోబరు 10న మొదలైంది. డబ్బు పడదు, రాత్రయినా పగలైనా పలుకుతారు, తెలుగు ఎంచుకోవచ్చు. డాక్టరుని చూడాలంటే హైదరాబాద్‌లో ఎర్రగడ్డ మానసిక వైద్యశాల ఉంది. పేరు విని వెనక్కి తగ్గకండి, అక్కడ ఓపీలో మీలాంటి మామూలు మనుషులే లైన్లో ఉంటారు. థైరాయిడ్ కూడా ఒకసారి చూపించమంటారు, అది తగ్గినా మనసు ఇలా కుంగుతుంది.

డిపో_పెద్దాయన
బాబూ, నీ మీద పెట్టినదాన్ని పాలతో లెక్క కట్టే తండ్రి ఎవడూ ఉండడు. ముందు ఆ ఫోన్ చెయ్యి. మా చిన్నవాడు నీ వయసే.

తోటకూర_కాడ
చేసి ఇక్కడ ఒక్క ముక్క రాయి నాయనా. పడుకోకుండా చూస్తుంటాను.

ఉలవచారు
జోకులు ఆపాను. బిట్‌పేపర్, ఉన్నావా?

బిట్‌పేపర్
ఉన్నా. రూమ్‌మేట్‌కి చెప్పాను. వాడే డయల్ చేసి ఇచ్చాడు. ఒకావిడ మాట్లాడింది, తెలుగులోనే. సలహాలు మొదలెడుతుందేమో అనుకున్నా, ఎక్కువసేపు విన్నది. ఎల్లుండి మళ్ళీ మాట్లాడదామంది, ఎర్రగడ్డ ఓపీకి ఎప్పుడు వెళ్ళాలో చెప్పింది. రూమ్‌మేట్ తోడొస్తానన్నాడు. అంతకుమించి ఏం తేలలేదు. నాన్నకి ఇంకా చెప్పలేదు.

తోటకూర_కాడ
చాలు నాయనా. నాన్నకి తర్వాత చెప్పొచ్చు.

పెరుగన్నం
ఆ రోజు నుంచీ చదువుతూనే ఉన్నాను, రాయడానికి మొహమాటపడ్డాను, బిట్‌పేపర్ బాధ ముందు నాది ఏ మూలకి అని. అయినా అడిగింది నేనే కాబట్టి చెప్తున్నా. పుస్తకం పెట్టాను. "7.50, యాక్సిడెంట్, నూటికి 80" అని రాసి, ఆయన వచ్చాక "కొత్తగూడ ట్రాఫిక్" అని రాయడం. రెండు వారాల పేజీలు చూస్తే ట్రాఫిక్, మీటింగు, పెట్రోలు, ట్రాఫిక్, ఒక బజ్జీ. నమ్మకం అంకె మాత్రం మొండిగా 80 నుంచి 60కే దిగింది. లొకేషన్ ఒక్కసారే చూద్దామనుకుంటే నిన్న నాలుగుసార్లు చూశాను, మేనేజరు మాట కూడా పడింది నిన్న, అందుకేమో. దిగులు అరగంట నాకు కుదరలేదు, ఆ టైముకి పాప హోంవర్కు.

కారప్పొడి
80 నుంచి 60 అంటే రెండు వారాలకి బాగానే దిగింది. నాలుగుసార్లు చూసిన రోజు కూడా రాయండి, అది వదిలేయకండి. అరగంట కుదరకపోతే పావుగంట పెట్టుకోండి.

నైట్‌షిఫ్ట్_నాని
ఆయనకి బజ్జీ పర్మిషన్ ఇచ్చారా లేదా? అది తేల్చండి.

పెరుగన్నం
వారానికి ఒకసారి. చెప్పి తినాలి.

ఉలవచారు
బిట్‌పేపర్, ఒకపూట తిండి అన్నావు కదా. రూమ్ ఎక్కడ? ఆదివారం మా ఇంట్లో ఉలవచారు కాస్తారు, పేరు ఊరికే పెట్టుకోలేదు. క్యారేజీ తెస్తా.

బిట్‌పేపర్
అశోక్‌నగర్. ఇద్దరికి సరిపడా తెండి అన్నా, రూమ్‌మేట్ తిండిపోతు. మీగడ కూడా.

ఉలవచారు
మీగడకి మా నాన్న ఒప్పుకోవాలి. దారిలో విరిగిపోతుందేమో అంటాడు.